మూడో లెవల్లో ఇద్దరికి టేబులు

మా పేటలో నన్ను బుకింగ్ జయరాం అంటారు. ఆ బిరుదు ఎవరో ఇచ్చింది కాదు, అంగడి బోర్డు మీద నేనే రాయించుకున్నాను. రైలు టికెట్, బస్సు టికెట్, పాన్ కార్డు, పాస్‌పోర్టు ఫోటో, కరెంటు బిల్లు, అన్నీ చేయబడును అని దాని కింద మూడు భాషల్లో ఉంటుంది. మూడింటిలోనూ ఒక్కో తప్పు ఉందని మా ఆవిడ గంగ అంటుంది. కన్నడంలో మాత్రం తప్పు లేదని నా నమ్మకం.

అంతకు ముందు ఇరవై రెండేళ్ళు కోలార్ బంగారు గనిలో పని చేశాను. ఈ మాట చెప్పగానే కొత్తవాళ్ళు నా చేతులకేసి గౌరవంగా చూస్తారు. నేను కూడా చేతులు కొంచెం ముందుకు పెడతాను. నిజం ఏమిటంటే నేను గనిలోకి ఒక్కసారి కూడా దిగలేదు. మనుషులు దిగే బావిలాంటి షాఫ్టు పక్కన టైమ్ ఆఫీసులో, కిటికీ వెనక కుర్చీలో కూర్చునేవాణ్ణి. దిగే ప్రతి మనిషీ తన నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళను నా కిటికీలో ఇచ్చి దిగేవాడు. నేను దాన్ని బోర్డుకు తగిలించేవాణ్ణి. పైకి వచ్చాక నంబరు చెప్పి, బిళ్ళ తీసుకుని ఇంటికి పోయేవాడు. బోర్డు మీద బిళ్ళ మిగిలిందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. నా గని పని అదీ. ఇరవై రెండేళ్ళలో చొక్కాకు దుమ్ము కూడా అంటలేదు. అయినా రెండువేల ఒకటిలో గని మూసేసినప్పుడు అందరికన్నా గట్టిగా ఏడ్చింది నేనేనట.

మా పక్కింటి అమృతరాజు అసలైన గనివాడు. నాకన్నా మూడేళ్ళు పెద్ద, అందుకని రాజన్నా అంటాను. అతని బిళ్ళ నంబరు నాలుగు వందల పదిహేడు. తొంభై నాలుగులో ఒక రోజు లోపల ఎయిర్‌బ్లాస్ట్ అయింది. లోతున రాయి ఒత్తిడి తట్టుకోలేక పేలడాన్ని మావాళ్ళు అలా అంటారు. రాజన్న రాళ్ళ వెనక ఒక మూలన, చీకట్లో, పదకొండు గంటలు ఉండిపోయాడు. బయటికి తీసేసరికి కాలు విరిగి ఉంది. స్ట్రెచర్ మీద నేరుగా ఆస్పత్రికి తీసుకుపోయారు. తర్వాత పైనే పని ఇచ్చారు, మళ్ళీ దిగలేదు. అందువల్ల బిళ్ళ తీసుకోవడానికి నా కిటికీ దగ్గరకు రానేలేదు. గని మూసిన రోజు నేను దాన్ని జేబులో వేసుకుని వచ్చేశాను. దొంగతనమే. ఇప్పుడది నా అంగడి బల్ల మీద, ఫ్యాను గాలికి పాస్‌పోర్టు ఫోటోలు ఎగరకుండా బరువుగా ఉంటుంది. రాజన్న రోజూ దాన్ని చూస్తాడు. అడగడు. నేనూ ఇవ్వను.

ఇంకో సంగతి. ఆ రోజు అందరూ పైకి వచ్చేశారనే పైవాళ్ళు అనుకున్నారు. లేదు, బోర్డు మీద ఒక బిళ్ళ మిగిలింది అని పట్టుబట్టింది నేను. అందుకే మళ్ళీ దిగి వెతికారు. ఈ సంగతిని నేను పెళ్ళిళ్ళలో చెప్పాను, దినాల్లో చెప్పాను, బెంగుళూరు పోయే రైల్లో ముక్కూ మొహం తెలియనివాళ్ళకు చెప్పాను. చివరికి వచ్చేసరికి గొంతు కాస్త తగ్గిస్తాను. అలా చేస్తే బాగా పండుతుంది.

ఆ పదకొండు గంటల తర్వాత రాజన్న చూపు తలుపులకు అంటుకుపోయింది. చర్చిలో ఆఖరి బెంచీ. పెళ్ళి భోజనానికి పోతే తలుపు పక్కన కుర్చీ. లిఫ్టు ఎక్కడు, కిటికీ లేని గదిలో నిమిషం నిలబడడు. ఇంట్లో అన్నం తింటున్నా తలుపు తెరిచే ఉందా అని ముద్ద ముద్దకూ చూసుకుంటాడు. ఈ సంగతి అందరికన్నా బాగా తెలిసింది అతని భార్య సెలీనక్కకు. ఎదురుగా కూర్చునేది ఆమే కాబట్టి.

వీళ్ళ కూతురు సోనియా బెంగుళూరులో ఉద్యోగం చేస్తుంది. అమ్మానాన్నల పెళ్ళయి నలభై ఏళ్ళు నిండుతున్నాయని, చెన్నైలో ఎక్కే విహారపు ఓడకు ఐదు రోజుల టికెట్లు తీసి పంపింది. ఓడలో ఒక పెద్ద భోజనశాల ఉంటుందట, టికెట్టు ఉన్నవాళ్ళు ఎవరైనా పోయి తినొచ్చు. అది కాక మూడు ప్రత్యేక రెస్టారెంట్లు. వాటిలో తినాలంటే ముందే టేబులు బుక్ చేసుకోవాలి. ఓడ బయలుదేరడానికి సరిగ్గా ముప్ఫై రోజుల ముందు, పొద్దున పది గంటలకు ఆ బుకింగ్ తెరుస్తారు. మంచి వేళలన్నీ గంటలో అయిపోతాయి. సోనియాకు ఆ టైముకు ఆఫీసులో మీటింగు ఉంది. ఆ మాత్రానికి జయరాం అంకుల్ ఉన్నాడు కదా అందట. ఆ ముక్క నేను గంగకు మూడుసార్లు చెప్పాను.

ముందురోజు సెలీనక్క అంగడికి వచ్చింది. ముప్ఫై ఏళ్ళు బడిలో టీచరుగా చేసిన మనిషి, ఏదైనా సూటిగా చెప్తుంది.

"జయరామా, నాకు ఒక్కటే కోరిక ఉండాది. పెండ్లిరోజు పొద్దు ఈయప్ప నా మొగం చూస్తా భోంచెయ్యల్ల. నలభై ఏండ్లలో ఇరవై తొమ్మిదేండ్లు తలుపు మొగమే చూసినాడు. గాలీ వెలుతురూ బాగుండే తావు చూడప్పా. తలుపు మాట మరిచిపోవల్ల."

నవ్వుతూనే అంది గానీ, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"ఇంగ నువ్వు బేజారు పడొద్దక్కా. తత్కాల్ టికెట్లు తీసే చెయ్యి ఇది," అన్నాను, నా చేతులు మళ్ళీ ముందుకు పెట్టి.

మర్నాడు తొమ్మిదిన్నరకే కంప్యూటరుకు ఊదుబత్తి చూపించి కూర్చున్నాను. సెలీనక్క నా వెనక నిలబడింది. గంగ కాఫీ తెచ్చింది. రాజన్న మామూలుగానే గడప దగ్గర స్టూలు వేసుకున్నాడు, ఒక కాలు బయట పెట్టి. పది కావడానికి ముందు రెస్టారెంట్ల వివరాలు చూద్దామని పేజీ తెరిచాను. జపాను వంటల హోటలు పద్నాలుగో డెక్కులో ఉంది. మాంసం కాల్చి పెట్టేది పన్నెండులో. ఇటలీ వంటలది మూడో డెక్కులో.

"డెక్కు అంటే ఏమప్పా?" అన్నాడు రాజన్న.

"లెవలు," అన్నాను, పుట్టింది మొదలు ఓడలోనే ఉన్నట్టు.

లెవలు అంటే మావాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేదు. గనిలో ఒకటో లెవలు నేలకు దగ్గర. అంకె పెరిగేకొద్దీ లోతు పెరుగుతుంది, వేడి పెరుగుతుంది, గాలి తగ్గుతుంది. నూరు దాటిన లెవల్లో పనిచేసే మనిషిని వీధిలో చూస్తే పిల్లలు కూడా దారి ఇచ్చేవాళ్ళు. రాజన్న పనిచేసిందీ అంత లోతునే. మరి బెంగుళూరులో పద్నాలుగో అంతస్తు పైన ఉంటుందని తెలియదా అంటే తెలుసు. గంగ ఆ మాటే అడిగింది కూడా. నేను ఆమెకేసి జాలిగా చూశాను.

"ఇల్లు నేల మీద కట్టేది, కింద నుంచి లెక్కపెడతారు. ఓడ నీళ్ళలోకి దిగబడి ఉంటాది. దిగబడేదాన్ని పైనుంచే కదా లెక్కపెట్టల్ల?"

రాజన్న అవునని తల ఊపాడు. గనివాళ్ళ కూతురైన సెలీనక్కా తల ఊపింది. పళ్ళెం తీసుకుని గంగ లోపలికి పోయింది. అంతమంది పెద్దమనుషులు ఒప్పుకున్నాక ఆమె మాత్రం ఏం చేస్తుంది?

అయినా ఫోటోలు కూడా చూడాలి కదా. పద్నాలుగో డెక్కు ఫోటోలో గోడలన్నీ గాజువి. గాజు అవతల, పై నుంచి కింద దాకా నీలం. ఇంకేమీ లేదు, ఒట్టి నీలం.

"నీళ్ళు," అన్నాను.

"సముద్రం లోపలికి గాజు పెట్టి చేపల్ని చూపిస్తారంట, టీవీలో చూసినాను," అంది సెలీనక్క.

రాజన్న స్టూలు మీది నుంచి లేచి వీధిలోకి పోయాడు. కాసేపు అక్కడే నిలబడి, మొహం తుడుచుకుని వచ్చాడు. పద్నాలుగు మాట మళ్ళీ ఎత్తవద్దని నేను పేజీ మార్చేశాను. మూడో డెక్కు ఫోటోలో ఎర్రటి మఖమలు పరదాలు, టేబుళ్ళ మీద కొవ్వొత్తులు. పరదా ఉందంటే వెనక కిటికీ ఉండే తీరుతుందని చెప్పాను. కిటికీ లేనివాడు పరదా ఎందుకు కడతాడు? ఇలాంటి తెలివి నాకు అప్పుడప్పుడు వస్తుంది.

"మూడో లెవలంటే పైనుంచి పిలిస్తే ఇనపడతాది," అన్నాడు రాజన్న. అతని మొహంలో నవ్వు వచ్చింది. "నడిచే దిగొచ్చు. కేజి ఎక్కల్సిన పని లేదు."

కేజి అంటే గనిలోకి మనుషుల్ని దింపే ఇనుప పెట్టె. లిఫ్టును కూడా అతను కేజి అనే అంటాడు.

సరిగ్గా పది గంటలకు నొక్కాను. పెళ్ళిరోజు సాయంత్రం ఏడున్నరకు, మూడో డెక్కులో, ఇద్దరికి టేబులు. ఏమైనా విశేషముందా అని అడిగితే పెళ్ళిరోజు అని రాశాను. ప్రత్యేకంగా ఏమైనా కోరుకుంటారా అని ఇంకో గడి ఉంది. అందులో దయచేసి తలుపు పక్కన కూర్చోబెట్టండి, గనిలో పనిచేసిన మనిషి అని ఇంగ్లీషులో కొడుతుంటే సెలీనక్క నా భుజం మీద ఒకటి వేసింది.

"నేను చెప్పిందేమి, నువ్వు రాసేదేమి? తుడిచెయ్ అది."

తుడిచేశాను. పది గంటల రెండు నిమిషాలకల్లా టేబులు ఖాయమైందని తెర మీద వచ్చింది. ప్రింటు తీసి, దానికి లామినేషన్ కూడా చేసి ఇచ్చాను. సముద్రం గాలికి కాగితం మెత్తబడుతుందని నా ముందుచూపు. ఆ నెల్లాళ్ళూ అంగడికి వచ్చిన ప్రతివాడికీ ఓడలో టేబులు ఎలా పట్టాలో చెప్పాను. కరెంటు బిల్లు కట్టడానికి వచ్చిన చిన్నవెంకటమ్మ అంతా విని, "ఇంగ నా బిల్లు కడతావా లేదా?" అంది.

నెల తిరిగాక ఇద్దర్నీ మారికుప్పంలో రైలు ఎక్కించాను. రాజన్న కొత్త బూట్లు వేసుకున్నాడు, సెలీనక్క నీలం పట్టుచీర సంచిలో పెట్టుకుంది. లామినేషన్ చేసిన చీటీని రాజన్న చొక్కా జేబులోంచి పైకి కనపడేట్టు పెట్టుకున్నాడు. నా ఛాతీ పెరిగింది.

మర్నాడు సాయంత్రం సోనియా ఫోన్ చేసింది. అమ్మావాళ్ళు క్షేమంగా ఓడ ఎక్కారని, ఇప్పుడు సముద్రం మీద ఫోన్ కలవదని చెప్పింది. తర్వాత, "రేపటికి ఏ రెస్టారెంటు తీసినారంకుల్?" అని అడిగింది.

"మూడో డెక్కుదమ్మా. మంచి గాలీ వెలుతురూ ఉండే తావు."

అవతల కీబోర్డు టకటకమని కొట్టిన చప్పుడు వినిపించింది.

"ఏమంకుల్ ఇట్ల చేసేసినారు? పద్నాలుగు కదా పైన ఉండేది. చుట్టూ గాజే, అంతా ఆకాశం కనపడతాది. మూడంటే ఓడ అడుక్కు దగ్గిర. ఆడ కిటికీలే ఉండవు."

నేను చూసిన నీలం నీళ్ళు కాదు, ఆకాశం. మళ్ళీ ఫోటో తెరిచి చూస్తే ఒక మూలన చిన్న మబ్బు కూడా ఉంది. నెల కిందట దాన్ని చూసి చేప అనుకున్నాను.

పదకొండు గంటలు చీకట్లో ఉండి వచ్చిన మనిషిని, నా చేత్తో నేను, ఐదు రోజుల ఓడలో ఉన్న అన్ని తావుల్లోకీ లోతైనదాన్ని వెతికి, అక్కడికి పంపాను. అదీ లామినేషన్ చేసి. అతను తలుపు దాకా పోయి వెనక్కి తిరిగితే సెలీనక్క కోరిక పోయినట్టే. ఆమె కోసమని పళ్ళు బిగించి లోపల కూర్చుంటే, ఆ ఊపిరాడనితనంలో ఏమవుతాడో ఆలోచించడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు. టేబులు మార్చాలని చూశాను. ఇప్పుడు మార్పులు ఓడలోనే అడగాలని తెర మీద వచ్చింది. ఓడ కంపెనీకి ఫోన్ చేస్తే పాట వినిపించారు. ఇరవై నిమిషాలు విన్నాను.

పెళ్ళిరోజు సాయంత్రం ఏడున్నరకు అంగడిలో కూర్చున్నాను. ఒక్క బేరం లేదు. బల్ల మీద ఇత్తడి బిళ్ళ, గోడ మీద గడియారం. ఎనిమిదైంది. ఎనిమిదిన్నరకు గంగ వచ్చింది.

"ఏమప్పా, షట్టరు వెయ్యవా? అన్నం చల్లారిపోతా ఉండాది."

"ఇద్దరు ఇంగా పైకి రాలేదు," అన్నాను.

వేరే రోజైతే ఒక మాట అనేది. ఆ రోజు పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం అంగడి ముందర ఆటో ఆగింది. సెలీనక్క దిగింది, వెనకాల రాజన్న దిగాడు. ఇంటికి పోకుండా నేరుగా నా దగ్గరకు వచ్చారు. తిట్లు తినడానికి నేను లేచి నిలబడ్డాను. కూర్చుని తినడం మర్యాద కాదు.

"తప్పయిపోయింది రాజన్నా."

"నీ ఒక్కని తప్పా అది? ముగ్గురమూ తల ఊపినాము కదా," అన్నాడు. "మా గది ఎనిమిదో దాంట్లో. ఓడ కేజి కాడ చూస్తే మూడు కింద ఉండాది, పద్నాలుగు పైన ఉండాది. నేను సెలీనాను చూసినాను, సెలీనా నన్ను చూసింది."

"నేను వద్దంటే వద్దన్నాను," అంది సెలీనక్క. "పైకి పోయి అందరితో భోంచేస్తాము పా అన్నాను. నాకేమీ కోపం లేదన్నాను. ఇన్లేదు."

"మెట్లు దిగినాను. లెక్కపెట్టుకుంటా దిగినాను. తలుపు కాడ ఒక పాప నిలబడి ఉండాది. మా గది తాళం కార్డు తీసుకుని, ఒక మిషను కాడ పెట్టి, మళ్ళా నా చేతికి ఇచ్చింది. లోపల చూస్తే నువ్వు చెప్పిన పరదాలు ఉండాయి. ఎనకాల ఒట్టి గోడ. నాకు చెమట్లు పోసినాయి." రాజన్న చొక్కా చేత్తో మెడ తుడుచుకున్నాడు. "అప్పుడు ఆ కార్డు మళ్ళా ఆ పాపకే ఇచ్చేసినాను. నీ కాడే పెట్టుకోమ్మా, నేను పైకి పొయ్యేటప్పుడు తీసుకుంటాను అన్నాను. ఆ పాపకు అర్థం కాలేదు. మీకు కావల్సొస్తాది సార్ అనింది. సెలీనానే ఇంగ్లీషులో చెప్పింది."

"ఏం చెప్పినావక్కా?"

"ఈ కార్డు నీ కాడ ఉండినంతసేపూ లోపల ఒక మనిషి ఉండాడని నువ్వు మరిచిపోకూడదు తల్లీ అన్నాను. మంచి పిల్ల. దీపం పక్కన నిలబెట్టి పెట్టింది, మాకు కనపడేట్ల."

"ఇంగ నాకు తలుపుతో ఏం పని?" అన్నాడు రాజన్న. "బిళ్ళ ఇచ్చినాను. లెక్క చూసేవాళ్ళు పైన ఉండారు. ఇంగ కూర్చోని తినేదే."

"రెండు గంటలు," అంది సెలీనక్క. "రెండు గంటలూ నా మొగమే చూసినాడు జయరామా. నాకే సిగ్గయిపోయింది."

అప్పుడు చెప్పేశాను. ఇరవై తొమ్మిదేళ్ళు పెళ్ళిళ్ళలో, రైళ్ళలో చెప్పుకుంటూ తిరిగిన కథలో చెప్పని భాగం చెప్పేశాను.

"రాజన్నా, ఆ పొద్దు నాకు నీ మీద ఏ దిగులూ లేదు. శ్రీనివాసపురంలో మా మామ తోటలో మామిడికాయలు దించతా ఉన్నారు, బస్సుకు టైమైపోయింది. బిళ్ళ తీసుకోకుండా ఇంటికి పోయిన ఎదవ ఎవడురా అని తిట్టుకుంటా ఉన్నాను. ఒక బిళ్ళ మిగిలితే రిజిస్టరు మూయనీరు. ఆ బిళ్ళవాడు యాడుండాడో తేల్చండి, మూసి పోతానని కొట్లాడినాను. అంతే. లోపల మనిషి ఉంటాడని నేను అనుకోనేలేదు."

"తెలుసప్పా," అన్నాడు రాజన్న. "కేజి కాడ ఉండిన మునివెంకటప్ప అప్పుడే ఆస్పత్రికి వచ్చి చెప్పినాడు. నన్ను ఏమేమి తిట్టినావో అన్నీ చెప్పినాడు. మా అమ్మను కూడా తిట్టినావంట."

ఇన్నేళ్ళూ నేను గొంతు తగ్గించి ఆ కథ చెప్తుంటే, పక్కన నిలబడి తల ఊపినవాడు ఇతనే.

"తిట్టుకుంటానే అయినా కూర్చున్నావు కదా," అన్నాడు. "బస్సుకు పోలేదు కదా."

తర్వాత బల్ల ముందుకు వచ్చి నిటారుగా నిలబడ్డాడు. కిటికీలో చెయ్యి పెట్టినట్టు బల్ల మీద అరచెయ్యి చాపాడు.

"నాలుగు వందల పదిహేడు."

బిళ్ళ తీసి అతని చేతిలో పెట్టాను. రిజిస్టరు లేదు కాబట్టి సంతకం తీసుకోలేదు. బరువు తీసేసరికి ఫ్యాను గాలికి పాస్‌పోర్టు ఫోటోలన్నీ ఎగిరి అంగడంతా పడ్డాయి. వంగి ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టాను. చాలాసేపు ఏరాను. నా మొహం వాళ్ళకు కనపడకుండా ఉండటానికి అది బాగా పనికొచ్చింది.